ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్షయ: ఎవరి లెక్కలో?



ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఈనాటికీ తెలుగు మాట వినిపిస్తున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని కొరకు ఉత్తరాంధ్ర జిల్లాల నుండి తరలివెళ్ళిన మన పెద్దల వలసకు అది ఆనవాలు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అట్టి రైల్వే బస్తీలలోని కార్మికులను పీడించిన క్షయను గూర్చి, దానికీ వారి పనికీ గల సంబంధాన్ని గూర్చి నేడు ముచ్చటించదలచాము.

1882లో రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని కనుగొన్న పిదప అది వంశపారంపర్యపు జబ్బు కాదని తేలిపోయినది. అయితే క్రిమి సోకిన ప్రతివానికీ జబ్బు రాదు. తిండి, గాలి, విశ్రాంతి కరువైనవానిని అది ముందుగా పట్టుకొంటుంది. దుమ్ము సంగతి వేరే చెప్పాలి. రైల్వే అనగానే అందరూ బొగ్గు దుమ్మునే తలుస్తారు. కాని ఫౌండ్రీలో అచ్చులకు వాడే ఇసుక దుమ్ము అంతకంటె ప్రమాదకరం. ఇసుకలోని సిలికా రేణువులు ఊపిరితిత్తులలో చేరి, క్రిములను మ్రింగవలసిన కణాలనే దెబ్బతీస్తాయి. పోత విరిచి శుభ్రం చేసేవాని రొమ్ములో క్షయకు అలా దారి ఏర్పడుతుంది.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మొదట గుర్తించిన వృత్తి వ్యాధులు మూడే: ఆంత్రాక్స్, సీసపు విషం, భాస్వరపు విషం. యంత్రంలో చేయి పోతే పరిహారం, ఊపిరితిత్తి పోతే "బలహీనుడు" అన్న మాట! జబ్బుపడినవాడు పని మాని సొంత ఊరికి రైలెక్కేవాడు. అతని మరణం బస్తీ లెక్కలో గాక ఊరి లెక్కలో పడేది. తనతో వచ్చిన క్రిమి ఇంటిల్లిపాదికీ సోకేది. నెలనెలా అందే మనియార్డరు ఆగిపోతే ఆ ఇంటి గతి ఏమయ్యేదో తపాలా సోదరులకు మేము వివరించనక్కరలేదు.

దగ్గును దాచుకొనక గత్యంతరం ఏది? 1927లో ఖరగ్‌పూర్‌లో సమ్మె, లాకౌట్ జరిగినవి. వి. వి. గిరిగారు ముందు నిలిచిన ఆ పోరాటానికి మూలం ఉద్యోగాల తొలగింపే. పని పోతే క్వార్టరు కూడ పోతుంది. పారిశ్రామిక కేంద్రాలలో మూడింట రెండు వంతులకు తక్కువ కాని కుటుంబాలు అప్పులలో ఉన్నవని 1931లో రాయల్ కమిషన్ వ్రాసినది. అట్టివాడు డాక్టరు ఎదుట దగ్గుతాడా? మదనపల్లె వద్ద ఆరోగ్యవరం శానటోరియం ఉన్నమాట నిజమే. కాని నెలల తరబడి విశ్రాంతికి జీతం ఇచ్చేదెవరు?

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు, తరువాత ఇతర మందులు వచ్చినవి. ఇంటివద్ద మందులు వాడినా శానటోరియంతో సమానంగా నయమవుతుందని 1959లో మదరాసు పరిశోధన నిరూపించినది. సాధారణ క్షయకు నేడు ఆరు నెలల మందులు ఉచితం. ఐనను ప్రపంచ క్షయ రోగులలో సుమారు నాలుగింట ఒకరు మన దేశంవారే. పర్మనెంటు ఉద్యోగికి రైల్వే ఆసుపత్రి, సెలవు ఉన్నవి. అతని పక్కనే బోగీ కడిగే కంట్రాక్టు కార్మికునికి ఒకరోజు రాకుంటే ఆ రోజు కూలి లేదు. అతడు కూడ దగ్గును దాచుకొంటున్నాడు.

కనుక కంట్రాక్టు కార్మికులకు ఏటా ఛాతీ ఎక్స్‌రే, కఫ పరీక్ష జరగాలని, మందులు వాడే కాలంలో కూలి ఆగరాదని, పని పోరాదని కోరుతున్నాము. ప్రతి బ్రాంచి కార్యదర్శి తన షెడ్డులో, సార్టింగు ఆఫీసులో కంట్రాక్టు మీద ఉన్నవారెందరో, వారిలో దుమ్ములో పనిచేసేవారెందరో వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపాలి.