అగ్నిక్రీడకు లెక్క
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మందుగుండు కాల్చుట యనిన మనకు కన్నుల పండువ. పెద్ద నగరములలో నేడు ఆ పండువ వెనుక కంప్యూటరు నిలిచి, ఏ గుండు ఏ క్షణమున నెగయవలయునో శాసించుచున్నది. దానిని గూర్చి కొంత విన్నవించెదను. మన జాతరకు అందుండి గ్రహింపదగిన దొకటి గలదు.

అగ్నిక్రీడకు సంగీతమును జోడింపవలెనను కోరిక పాతది. 1749 ఏప్రిల్ 27వ తేదీన లండను నగరమున గ్రీన్ పార్కునందు జరిగిన సంధి మహోత్సవమునకు హాండెల్ అను విద్వాంసుడు వాద్యసంగీతము కూర్చెను. నాడు వత్తి ముట్టించినది మనుష్య హస్తమే. ఉత్సవమునకై కట్టిన మండపమున నొక భాగము అగ్నికి ఆహుతి యయ్యెను.

నేటి పద్ధతి వేరు. ప్రతి గుండును ఒక్కొక్క గొట్టమున నుంతురు. దాని వత్తికి ఒక సన్నని తీగ, ఆ తీగ చివర రవంత మందు. విద్యుత్తు ప్రవహింపగానే తీగ వేడెక్కి మందంటుకొనును. తీగలన్నియు పెట్టెలకును, పెట్టెలు దూరమున నున్న కంప్యూటరునకును చేరును. ఏ సెకనున ఏ గుండో తెలుపు పట్టిక అందు ముందే సిద్ధముగా నుండును. గుండు పైకెగసి విచ్చుకొనుటకు కొన్ని సెకనులు పట్టును గనుక, తాళము పడు వేళకే ఆకాశమున పువ్వు విరియవలెనన్న, ఆ కాలమును తీసివేసి ముందుగా ముట్టింపవలెను. ఇదంతయు కూడికలు, తీసివేతలే. ఆరంభమునకు ముందు, మందంటుకొనుటకు చాలనంత స్వల్ప విద్యుత్తును పంపి, తీగ యెక్కడనైన తెగినదేమో పరీక్షింతురు.

భారతమున అర్జునుడు తాను విడిచిన అస్త్రమును మరల్చుకొనగలిగెను; అశ్వత్థామకు ఆ విద్య లేకపోయెను. ఎగసిన గుండును ఏ యంత్రమును మరల్పజాలదు. అయినను ఆపద తోచినచో, మిగిలిన గుండ్లను కాల్పక నిలుపు శక్తి ఈ యంత్రము నడుపువాని చేతిలో నున్నది. అదియే దీని గొప్ప.

కాని పట్టికలో తప్పు దొరలినచో? అమెరికాలో శాన్‌డియాగో నగరమున 2012 జూలై 4వ తేదీన, పావుగంటకు పైగా సాగవలసిన వేడుక అర నిమిషములోపలనే భగ్గుమని ముగిసెను. అసలు దస్త్రమును, దాని మారు దస్త్రమును కలిపినచోట దోషము పుట్టి, ఆజ్ఞలు రెట్టింపై, అన్నిటిని ఒక్కమారే కాల్చుమని యంత్రము గ్రహించెనని నిర్వాహకులు తెలిపిరి. లెక్కలు వ్రాయువారికి ఇది వింత కాదు. ఒకే పద్దు రెండుమార్లు ఎక్కిన కష్టము వారెరుగుదురు. అయినను నాడు ఒక్కరికిని గాయము కాలేదు. గుండ్లు నీటిపై తెప్పల మీదను, జనులు దూరముగా ఒడ్డునను ఉండుటయే అందులకు కారణము.

ఇక కేరళలో పరవూరు పుట్టింగల్ దేవాలయమున జరిగినది వినుడు. పోటీగా కాల్చుటకు అధికారులు అనుమతి నిరాకరించి యుండిరి. అయినను కాల్చిరి. 2016 ఏప్రిల్ 10వ తేదీ తెల్లవారకమునుపే, నిల్వయుంచిన మందుగుండుపై నిప్పురవ్వ పడి, నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఒకచోట యంత్రము తప్పినను దూరము కాచినది. మరియొకచోట దూరము లేక పండువ శోకమైనది. కావున యంత్రముకన్న దూరమే ముఖ్యమని నా మనవి. ఆ యంత్రములను కొను స్తోమత మన యూరికి లేకపోవచ్చును. వాని వెనుకనున్న నియమములకు మాత్రము కాసు ఖర్చు లేదు. కాల్చు తావును జనమునకు దూరముగా నేర్పరచుడు. కాల్చని సరకును వేరొకచోట, రవ్వ సోకకుండ మూసియుంచుడు. వత్తి దగ్గరకు బాలురను రానీయకుడు. ఏది ఎప్పుడు కాల్చవలెనో ముందే కాగితముపై వ్రాయుడు. వ్రాసినవాడు గాక వేరొకడు దానిని సరిచూడవలెను. ఈ వీధివారా, ఆ వీధివారా యను పంతము మానుడు.

వచ్చు జాతరకు ఆ పట్టికను మన గ్రంథాలయపు బల్లపైనే వ్రాసి, పదిమంది యెదుట చదివి వినిపింతము. అమ్మవారి వెలుగు చూచుటకు వచ్చిన ప్రతి బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరుగాక యని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.