ఊరికీ నివేదికకూ నడుమ



పత్తికొండ, ఆలూరు, ఆదోని ప్రాంతాల్లో డిగ్రీ పూర్తిచేసే యువతీయువకుల్లో ఎక్కువ మంది చూపు సర్కారు నోటిఫికేషన్ల మీదనో, బెంగళూరు, హైదరాబాదు కంపెనీల మీదనో ఉండడం సహజమే అయినా, ఈ కరువు సీమలో అర్ధశతాబ్దానికి పైగా ఎందరికో జీతమిచ్చి బతుకు చూపిన మరో రంగం ఉందనీ, అది లాభాపేక్ష లేని సేవాసంస్థల రంగమనీ, దానిలోని పని ఎలా ఉంటుందో తరగతి గదుల్లో అరుదుగా చెబుతారనీ గుర్తించవలసి ఉంది. లాభాపేక్ష లేని సంస్థ అంటే మిగిలిన సొమ్మును సభ్యులు పంచుకోకుండా ఆశయానికే ఖర్చుపెట్టేలా చట్టరీత్యా కట్టుబడిన సంస్థ. అది ట్రస్టుగా గానీ, సొసైటీగా గానీ, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద గానీ నమోదు కావచ్చు. అక్కడ పనిచేసేవారికి జీతాలుండవన్న అపోహ మాత్రం పెళ్లిచూపుల దాకా వస్తుంది, అబ్బాయి ఎన్జీవోలో ఉన్నాడంటే, "అది సరే, ఉద్యోగమేం చేస్తాడు?" అని అడిగే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

ఈ రంగం ఎదుగుదలను అర్థం చేసుకోవడానికి పొరుగునే ఉన్న అనంతపురాన్ని మించిన ఉదాహరణ లేదు. బార్సిలోనాలో 1920లో పుట్టి, 1952లో జెస్యూట్ మతప్రచారకుడిగా భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, మరుసటి ఏడాది తిరిగి వచ్చి అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టును స్థాపించారు; జనం నోట అది ఆర్డీటీ. బావులు, పొలం గట్లు, బడులు, పేదల ఇళ్లు, ఆ తర్వాత బత్తలపల్లి వంటి చోట్ల ఆసుపత్రులు, ఇలా దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాలు, వికలాంగులు ప్రధానంగా సాగిన ఆ పని జిల్లా సరిహద్దు దాటి కర్నూలు తదితర ప్రాంతాలకు వ్యాపించి మూడు వేలకు పైగా గ్రామాలకు చేరింది. ఫెర్రర్ 2009 జూన్ 19న కన్నుమూశాక కూడా సంస్థ నిలబడిందంటే, వ్యక్తి మీద నడిచినది ఏనాడో వ్యవస్థ మీద నడవడం నేర్చుకుందని అర్థం. ఆ మార్పు ఉద్యోగికి ఎలా అనుభవానికి వస్తుందన్నదే ఇక్కడ పరిశీలించదగిన విషయం.

సంస్థ చిన్నదిగా ఉన్నప్పుడు కార్యకర్తకు ఊరే కార్యాలయం. ఎవరి బావిలో నీరు ఎంత లోతున పడింది, ఏ ఇంటి పిల్ల బడి మానింది, ఎవరికి ఎవరితో మాటల్లేవు అన్న సంగతులు అతని తలలోనే ఉంటాయి. పెరిగేకొద్దీ విద్య, వైద్యం, మహిళలు, పర్యావరణం అని విభాగాలు ఏర్పడి, ప్రాంతానికో బృందం, బృందానికో నాయకుడు వచ్చి, తలలో ఉన్నదంతా రిజిస్టరులోకి, అక్కడి నుంచి కంప్యూటరులోకి, చివరికి దాత చదివే నివేదికలోకి ప్రయాణిస్తుంది. ఈ ప్రయాణంలో కొంత జారిపోవడం అనివార్యమే గానీ, ఏది జారిపోతుందన్నది మాత్రం కింది ఉద్యోగి చేతిలోనే ఉంటుంది.

పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో ఖరీఫ్ దెబ్బతిన్న ఏడు ఏం జరుగుతుందో ఈ సభలో చాలామందికి తెలుసు. శనగకాయ చేతికి రాక, టమోటాకు మార్కెట్‌యార్డులో కూలి ఖర్చయినా గిట్టక, కుటుంబాలు తలుపులకు తాళాలు వేసి, పత్తి తీయడానికీ మిరప కోయడానికీ గుంటూరు వైపు వెళ్తాయి; దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఇలాంటి ఊళ్లలో సేవాసంస్థలు నడిపే, దూరదేశపు దాత ఒక్కో బిడ్డ పేరున చందా కట్టే పద్ధతిలో, ఆ సొమ్ము బిడ్డ చేతికి కాక ఊరి పనులకు వెళ్లినా, బిడ్డ రాసిన ఉత్తరం అనువాదమై దాతకు చేరవలసి ఉంటుంది. ఉత్తరం గడువు వచ్చేనాటికి ఆ పిల్ల మిరప చేలో ఉంటే, కార్యకర్త ముందున్న ఫారంలో "హాజరు", "గైర్హాజరు" అనే రెండు గళ్లే ఉంటే, అతడు ఏం చేయాలి? గైర్హాజరు గడిలో టిక్కు పెట్టి ఊరుకోవచ్చు. లేదా ఎవరితో పోయింది, ఎప్పుడు తిరిగొస్తుంది, అవ్వాతాతల దగ్గర ఉండి ప్రభుత్వ సీజనల్ హాస్టలులో తినే వీలుందా అని విచారించి ఫారం వెనక రాయవచ్చు. రెండో పనికి అదనపు జీతం లేదు. అయినా మరుసటి ఏడు ఆ ఫారంలో మూడో గడి రావాలంటే ఆ వెనక రాతే ఆధారమవుతుంది.

డబ్బు లెక్క మరో ప్రపంచం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో వచ్చి, 2010లో కొత్త రూపం దాల్చి, 2020 సవరణతో మరింత బిగుసుకుంది. విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది, ఆ నిధులను మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది, సొమ్మంతా ముందుగా ఢిల్లీలోని ఒకే స్టేట్‌బ్యాంకు శాఖలో జమ కావలసి వచ్చింది. పెద్ద సంస్థ నీడన పనిచేసే మండల స్థాయి చిన్న సంస్థలకు దీనివల్ల ఆసరా తెగింది. కంపెనీల చట్టం కింద 2014 నుంచి నిర్దిష్ట స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్న నిబంధన కొత్త దారి తెరిచినా, కంపెనీ సొమ్ము తరచూ తన ఫ్యాక్టరీ చుట్టూనే తిరుగుతుంది, పత్తికొండ దాకా రావడం తక్కువ. ఈ చట్టాలన్నీ ఊరిలో ఒక చిన్న కాగితంగా దిగివస్తాయి: చెక్‌డ్యాం కట్టిన మేస్త్రీకి 5,000 రూపాయలు దాటి ఇస్తే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకమో వేలిముద్రో, పక్కన సాక్షి సంతకం. స్టాంపు మరచిన రసీదు ఆడిటరు ముందు నిలవదు. ఆ ముద్ర కోసం కార్యకర్త మళ్లీ పది మైళ్లు వెళ్తాడు. దీన్ని ఉత్త గుమస్తాగిరీ అని చిన్నచూపు చూసే ఆదర్శవాదులు సాధారణంగా ఏడాదిలోపే రాజీనామా చేస్తారు, అది సంస్థకు మేలే.

కాగితానికీ నేలకూ ఉన్న ఈ పేచీ పత్తికొండకు కొత్త కాదు. దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు గుడారాల్లో తిరుగుతూ పొలాలు కొలిపించిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా చివరి పర్యటనలో 1827 జులై 6న ఇదే పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆయన లెక్క శిస్తు వసూలు కోసం, సేవాసంస్థ లెక్క వేరే పని కోసం. ఆ తేడాను మరవకుండానే, ఊరికి వెళ్లి చూడకుండా రాసిన లెక్క నిలవదన్న ఆయన పట్టుదలను గమనించవచ్చు.

ఇక జీతభత్యాల మాట. కార్పొరేట్ స్థాయి ఆశించరాదు. చాలా ఉద్యోగాలు ప్రాజెక్టుకు ముడిపడి ఉంటాయి, మూడేళ్ల నిధి అయిపోతే కొలువూ అయిపోవచ్చు. అందువల్ల ఇంటర్వ్యూకు వెళ్లే పట్టభద్రులు జీతం ఎంతని అడగడంతో పాటు, పీఎఫ్ కడతారా, ఈ పదవికి నిధి ఎన్నేళ్లకు ఉంది అని కూడా నిస్సంకోచంగా అడగాలి. వీలైతే ఏదైనా ఒక ఊరి రిజిస్టరు చూపమని కోరి, గత సుగ్గి నెలల పేజీ తిరగేసి, అక్కడ టిక్కులే ఉన్నాయా, ఎవరైనా వెనకవైపు ఏమైనా రాశారా అన్నది చూసి మరీ చేరాలో వద్దో తేల్చుకోవచ్చు.