తాత ఫోటో, తాత పాట: హక్కు ఎవరిది?



మార్లవాయి, జోడేఘాట్, నాగోబా జాతర, దండారి... ఏది వెతికినా ఇప్పుడు మన పిల్లలు పెట్టిన వీడియో ఒకటి ఫోన్లో కనబడుతోంది. హాస్టల్లో మేమంతా చూసి సంతోషిస్తున్నాం. కాకపోతే పెట్టేముందు అది ఎవరిదో చూసుకోవాలి.

హైమన్‌డార్ఫ్ దొర తీసిన పాత ఫోటోలే తీసుకుందాం. అందులో ఉన్నది మన తాతలు, మన గూడేలు. "మా తాత ఫోటో మాది కాదా మేడం?" అని పిల్లలు మమ్మల్ని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1957 కాపీరైట్ చట్టం ఫోటో తీసిన మనిషినే కర్తగా చూస్తుంది, అందులో నిలబడ్డ మనిషిని కాదు. ఆ ఫోటోల సేకరణ లండన్‌లోని సోయాస్‌లో ఉంది. నెట్‌లో కనబడుతున్నాయి కదా అని దించేసుకోకుండా, ఫలానా గూడెం వాళ్లం, ఫలానా పనికి కావాలి అని వాళ్లకు ఒక ఈమెయిల్ రాయాలి. ఇక పుస్తకాలకైతే రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ఆయన 1995లో పోయారు, అంటే 2055 చివరి వరకు. చదువుకో, సమీక్షకో కొన్ని వాక్యాలు పేరు చెప్పి వాడుకోవచ్చు. పుస్తకమంతా స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టకూడదు. జరిగిన సంగతుల మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చిన సంగతి మన మాటల్లో ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు.

అసలు చిక్కు పాటల దగ్గర. పర్ధాన్ తాత కిక్రి వాయిస్తూ చెప్పే కథ తరతరాలది. రాసింది ఫలానా వారని లేదు కాబట్టి ఆ కథకు కాపీరైట్ అడ్డం రాదు. కానీ ఆ రోజు ఆయన పాడినదాని మీద ఆయనకు ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అడగకుండా రికార్డు చేసి పెడితే, బయటివాళ్లు చేసినా మనవాళ్లు చేసినా తప్పే. పైగా రికార్డు మీద హక్కు రికార్డు చేయించినవాళ్లకు వేరుగా వస్తుంది. అందుకే ఎవరైనా మైకు పట్టుకుని గూడేనికి వస్తే, పాడినవారి పేరు వేయాలని, ఒక కాపీ మనకూ ఇవ్వాలని ముందే కాగితం మీద రాయించుకోవాలి. చదువు రాని పెద్దాయనకైతే చదివి వినిపించి, మన భాషలో చెప్పి, ఆ తరువాతే వేలిముద్ర.

పెర్సాపేన్ పూజ పాటల సంగతి ఏ చట్టంలోనూ దొరకదు. వాటిని బయట పెట్టాలో వద్దో పటేలు, కటోడ, ఇంటి పెద్దలు చెప్పాలి. వాళ్లు వద్దంటే వద్దు, ఎన్ని లైకులొచ్చినా సరే.

ఈ సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు ఏ పాట రికార్డు చేసినా పాడినవారి పేరు, గూడెం, తేదీ, ఒప్పుకున్నారా లేదా అన్నది నోటుబుక్కులో రాసుకు రండి. ఏది పెట్టొచ్చో హాస్టల్లో అందరం కూర్చుని చూద్దాం.