పటం వెనుక రాత



నా చేతిలో ఉన్నది మా ఇంటి పాత ఛాయాచిత్రం. ఎడ్లబండి పక్కన మా నాన్నగారు, అమ్మ, అమ్మ చంకలో నేను. వెనుక గడ్డి కప్పిన పాక, ఆ వెనుక నల్లరేగడి నేల. పటం వెనుక నాన్నగారు నాలుగు పంక్తులు రాశారు. మొన్న దీన్ని నా మనుమరాలికి ఇస్తే, బొమ్మ చూసి మురిసిపోయి, వెనక్కి తిప్పి, “తాతయ్యా, ఇక్కడ ఏం రాసుంది?” అని అడిగింది. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే పిల్ల. బడిలో కన్నడం, ఇంగ్లీషు చదివే పిల్ల. ముత్తాత చేతిరాత ఆమెకు వట్టి గీతలైంది.

తుంగభద్ర ఆనకట్ట నుండి 1953లో కాలువలకు నీరు వదిలారు. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిది. కోస్తా జిల్లాల రైతులు ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకొని, ఆ సొమ్ముతో ఇక్కడ అంతకంటె ఎక్కువ నేల కొన్నారు. ఎడమగట్టు కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలలో వారు కట్టుకున్న ఊళ్లనే నేటికీ ‘క్యాంపు’లంటున్నాం. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరింది. 1973లో ఆ రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడి గంగావతి అందులోకి పోయింది. మనం కదలకపోయినా ఎల్లలు కదిలాయి. ఈ కథలు ఇళ్లలోని పెట్టెలలో, చెదలకూ చెమ్మకూ చిక్కి ఉన్నాయి.

మారిషస్‌ను గమనించండి. 19వ శతాబ్దంలో ఆ దీవికి కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. 1860ల నుండి అక్కడి వలస ప్రభుత్వం కూలీలకు ఫోటోలు తీయించింది. వారిపై నిఘా కోసమే తీయించింది. అయినా ఆ పటాలు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. వారి సంతతి వాటి ద్వారా తమ పూర్వికులను వెతుక్కుంటున్నది. కారణం ఒక్కటే: కూలీకి ఒక సంఖ్య, ఆ సంఖ్యకు చిట్టాలో పేరు, తండ్రి పేరు, ఊరు, వచ్చిన ఓడ రాసి ఉంచారు. రాత ఉన్నందువల్లనే బొమ్మ పలికింది.

మన కోసం అటువంటి చిట్టా ఎవరూ రాయలేదు. మనమే రాసుకోవాలి. పటంలో ఉన్నవారిని గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే కూర్చోబెట్టి అడగండి. ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది పెన్సిలుతో వెనుక మెల్లగా రాయండి, బాల్‌పెన్ను వద్దు. తెలుగులోనూ కన్నడంలోనూ రాయండి. కన్నడం మనకు అన్నం పెట్టిన నేల నుడి; దానితో మనకు తగవు లేదు. పటాన్ని స్కాన్ చేయించి, అసలును ఇంటికే ఇచ్చి, నకలును ఊరి గ్రంథాలయంలో ఎవరడిగినా చూడగలిగేట్టు ఉంచండి. బీరువాలో తాళం వేసిన చరిత్ర ఎవరికి ఉపయోగం?

మరో మాట. ఈ పటం అంచున ఎడ్ల పగ్గం పట్టుకొని ఒకాయన నిలుచున్నాడు. నాన్నగారి రాతలో ఆయన పేరు లేదు. అడుగుదామంటే అమ్మా లేదు. మనతో పాలేర్లుగా, కూలీలుగా వచ్చిన కుటుంబాలలో చాలామందికి ఫోటో తీయించుకునే స్తోమత లేదు. పటాలు లేనివారి మాటలను రికార్డు చేద్దాం. లేకుంటే మనం దాచేది భూమి కొన్నవారి చరిత్రే అవుతుంది.

తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుండి పుట్టాయి. కన్నడం చదివే పిల్లకు తెలుగు అక్షరాలు నేర్పడం కష్టమేమీ కాదు. రోజూ సాయంత్రం కాసేపు నేర్పాను. మొన్న ఆదివారం మనుమరాలు కూడబలుక్కొని మొదటి పంక్తి తానే చదివింది: “మొదటి పంట ఇంటికి వచ్చిన రోజు.”

ఇంకా మూడు పంక్తులున్నాయి. చదివి చెప్పమని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. సెలవు.