అగ్గితెగులు – దాని వంశగ్రంథము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



జనగామ జిల్లాలో పాలకుర్తికి సమీపమున బమ్మెర యను గ్రామము కలదు. పోతన మహాకవి అచ్చటివాడని ప్రసిద్ధి. ఆయన భాగవతములో శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయ పూరించిరని పెద్దలు చెప్పుదురు. అచ్చుయంత్రము లేని ఆ దినములలో గ్రంథములు తాటాకులపై ప్రతికి ప్రతిగా నడచినవి. వ్రాయసకాడు ఒకచోట అక్షరము మార్చును, అది పాఠాంతరము. ఒకచోట కొన్ని పంక్తులు జారిపోవును, అది గ్రంథపాతము. వేరొకచోట ఎక్కడిదో పద్యము నడుమ వచ్చి చేరును; అది ప్రక్షిప్తము. ఈ మూడు మాటలను జ్ఞప్తియందుంచుకొన్నచో వరిపొలమున అగ్గితెగులు చేయు మాయ సులభముగా బోధపడును.

అగ్గితెగులు నెరుగని వరిరైతు అరుదు. జనగామ ప్రాంతపు బావుల క్రిందనైనను, మహబూబాబాద్ జిల్లాలో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన బయ్యారం చెరువు క్రిందనైనను, భూపాలపల్లి జిల్లాలో ఘనపురము చెరువు క్రిందనైనను, వరి యున్నచోటికి అది రాగలదు. ఆకుపై నూలుకండె ఆకారమున మచ్చ లేచును. మచ్చలు కలసి మడి యంతయు కాలినట్లగును. అందువలననే దానికా పేరు. వెన్ను మెడకు సోకినచో వెన్ను విరిగి వ్రేలాడును; అదియే మెడవిరుపు. రాత్రి చలియు, ఉదయపు మంచును, ఆకుపై నిలుచు తడియు దానికి బలము. 1919లో తంజావూరు డెల్టాలో అది విజృంభించి అపార నష్టము కలిగించెను.

ఇందులకు కారణము ఒక శిలీంధ్రము. దాని సిద్ధబీజము గాలిలో వచ్చి ఆకున కంటుకొని, చిన్న తిత్తి వంటిదానిని కట్టి, వాతావరణపు ఒత్తిడికి సుమారు ఎనుబది రెట్ల ఒత్తిడితో ఆకు పొరను చీల్చి లోన ప్రవేశించును. ఒక్క మచ్చనుండి ఒక రాత్రిలో వేలకొలది సిద్ధబీజములు వెలువడును. రైతు పంట కొక తరము విత్తనము చూచునంతలో శత్రువు అనేక తరములు గడుపును.

తెగులు సోకిన యేట గ్రామమున మొదట వినవచ్చు మాట ‘విత్తనము మోసము’ అని. అప్పుతెచ్చి పెట్టుబడి పెట్టినవాని కడుపుమంట అట్టిది. విత్తనము మోసమైయుండుటయు కలదు. కాని సంచిలోని విత్తు పూర్వపుదే యయ్యు, పొలములోని శత్రువు పూర్వపువాడు కాకపోవుటయు కలదు. పదియేండ్లు నిలిచిన వంగడము పదునొకండవయేట కూలుటకు హేతువు తరచుగా ఇదియే.

1940 దశకమున అమెరికాలో ఫ్లోర్ అను శాస్త్రజ్ఞుడు అవిసె పైరుపై వచ్చు తుప్పు తెగులును పరిశోధించి ఒక సూత్రము కనుగొనెను. పైరులో ఒక కావలి జన్యువున్నచో, తెగులులో దానికి గురుతు దొరకు జన్యువొకటి యుండును. కావలివాడు గురుతుపట్టినచో దొంగ చిక్కును. దొంగ ఆ గురుతును పోగొట్టుకొన్నచో కావలి యుండియు లేనట్లే.

ఆ గురుతు పోవుటెట్లు? 2005లో అగ్గితెగులు శిలీంధ్రపు జన్యు సముదాయమును శాస్త్రజ్ఞులు చదివి ప్రకటించిరి. ఏడు క్రోమోజోములలో సుమారు నాలుగు కోట్ల అక్షరములు, పదునొకండు వేల జన్యువులు కలవు. అందులో ఒకచోటనుండి మరియొకచోటికి గంతులిడు ఖండములు అనేకము. ఇవియే ప్రక్షిప్తములు. అట్టి ఖండములను మొదట మొక్కజొన్నలో కనుగొన్న బార్బరా మెక్లింటాక్ అను విదుషీమణికి 1983లో నోబెల్ బహుమతి లభించెను. అగ్గితెగులును పట్టియిచ్చు గురుతులలో నొకటి క్రోమోజోము కొసయందే యున్నది. గ్రంథము చివరి ఆకు ముందు చిరిగినట్లు ఆ కొస తరచుగా జారిపోవును. లేదా నడుమ ప్రక్షిప్తము చేరి అర్థము చెడును. లేదా ఒక్క యక్షరము మారును. కవికి పాఠము చెడుట నష్టము. తెగులునకో, అదియే లాభము.

ఇది వరితో ఆగలేదు. 1985లో బ్రెజిలు దేశమున ఈ జాతి తెగులే గోధుమపై కనబడెను. గోధుమలో సహజముగా నుండు ఒక కావలి జన్యువు లేని వంగడమును అచ్చట విస్తారముగా సాగుచేయుటచే తెగులునకు ద్వారము తెరువబడెనని 2017లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ ద్వారమున ప్రవేశించిన పిమ్మట తెగులు తన గురుతును పోగొట్టుకొని, కావలి యున్న గోధుమపై సైతము పడెను. 2016లో అది బంగ్లాదేశమున దిగెను; జన్యుగ్రంథమును చదివి చూడగా దక్షిణ అమెరికా వంశమని తేలెను.

కావున ఊరంతయు ఒకే వంగడము వేయుట దొంగకు ఒకే తాళపుచెవితో అన్ని ఇండ్లు అప్పగించుట. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబమసూరి అన్నము రుచికి పేరుగాంచినది గాని అగ్గితెగులునకు లోబడును. రాజేంద్రనగరమున రూపొందిన తెలంగాణ సోనా దానిని తట్టుకొను గుణము కలది. అయినను ఏ కావలియు శాశ్వతము కాదు. చైనా దేశపు యునాన్ రాష్ట్రములో 1998, 1999 సంవత్సరములందు వేలాది రైతులు తెగులునకు లోబడు జిగురు వరిని, తట్టుకొను సంకర వరి సాళ్ల నడుమ నాటిరి. జిగురు వరిపై తెగులు తీవ్రత నూటికి 94 వంతులు తగ్గెను.

రైతు సోదరులు చేయదగినవి కొన్ని కలవు. ఒక చెరువు క్రింద రెండు మూడు వంగడములు పంచుకొని వేయవలయును. యూరియా ఒకేమారు అధికముగా చల్లరాదు. తెగులు సోకిన చేని గింజను విత్తునకు ఉంచరాదు. గట్లపై గడ్డి తీసివేయవలయును.

ఇక గ్రంథాలయము చేయదగినది ఒకటి కలదు. ఇచ్చట ఒక పుస్తకము తెరచి, ఏ యేట ఏ చేనిలో ఏ వంగడము వేసిరో, తెగులు ఏ దినమున కనబడెనో, పంట ఎంత దక్కెనో సభ్యులు వ్రాయుచు రావలయును. అప్పుడు వంగడము బలము ఏ యేట సడలినదో ఊరు ముందుగా గ్రహింపగలదు. శత్రువు తన గ్రంథమును ప్రతి తరమున తిరిగి వ్రాసికొనుచున్నాడు. ఊరు తన గ్రంథమును వ్రాయకుండుట తగదు. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన ఈ సంస్థకు అంతకంటె ఉచితమైన కార్యము వేరొకటి లేదు.

స్వస్తి.