పేరు కలుస్తలేదంటే, జాబితాతో జవాబు చెప్పాలె
(వరంగల్‌లో సంఘం గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



2024 రుణమాఫీ మీకందరికీ యాదికుంది. జూలై 18న లక్ష లోపు, జూలై 30న లక్షన్నర లోపు, ఆగస్టు 15న రెండు లక్షల దాకా అన్నరు. కానోళ్లలో చానామందికి ఆఫీసుల దొరికిన జవాబు ఒక్కటే: ‘పేరు కలుస్తలేదు.’ ఏ కాగితంల ఏ పేరుతోని కలుస్తలేదో చెప్పినోళ్లు తక్కువ. ఒక్కో రైతు ఒక్కో కాగితం పట్టుకొని తిరిగితే పని కాదు. ఊరంతటి జాబితా మనమే తయారు చేసి ఇయ్యాలె. దానికే ఈ ఎక్సెల్ పాఠం.

ఒక్కో రైతుకు ఒక్కో వరుస. పాస్‌బుక్‌ల పేరు ఏ గడిల, ఆధార్‌ల పేరు బి గడిల, బ్యాంకుల పేరు సి గడిల, ఉన్నది ఉన్నట్టు రాయాలె. తర్వాత పక్క గడిల ఈ ఫార్ములా:

="పాస్‌బుక్‌ల "&ఏ2&", ఆధార్‌ల "&బి2&", బ్యాంకుల "&సి2

కంప్యూటర్‌ల ఏ, బి, సి ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలె. ‘&’ గుర్తు గడులను కలుపుతది. కొటేషన్ల మధ్య రాసింది ఉన్నదున్నట్టు వస్తది. అండ్ల ఖాళీ ఇడవకుంటే మాటలు అతుక్కపోతయి. గడి మూల పట్టి కిందికి గుంజితే రెండొందల మంది రైతులకూ వాక్యం తయారైతది. తేడా ఎక్కడుందో చదివినోళ్లకు ఎంబడే కనబడతది.

మూడు జాగ్రత్తలు చెప్త.

ఒకటి: సర్వే నంబరు 12/3 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటది. కలిపినప్పుడు అక్కడ ఐదంకెల సంఖ్య ఏదో వస్తది. ఖాతా నంబరు ముందరి సున్నాలు ఎగిరిపోతయి. పదిహేను అంకెలు దాటితే మిగిలినవి సున్నాలైతయి. అందుకే కొట్టకముందే ఆ కాలమ్ మొత్తం ‘టెక్స్ట్’ చేసుకోవాలె.

రెండు: 245/అ వేరు, 245/ఆ వేరు. ఒక్క దీర్ఘం పోతే భూమి పక్కోనిదైతది. ఫార్ములా తప్పును దిద్దదు, తప్పునే కలిపిస్తది. రైతును పక్కన కూసోబెట్టుకొని, పాస్‌బుక్ చూసుకుంట చదవాలె.

మూడు: ఆధార్ నంబర్లున్న జాబితా వాట్సాప్‌ల తిప్పొద్దు.

జాబితా ఇచ్చినంక ఇంకో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోవాలె. అప్పుడు ‘పేరు కలుస్తలేదు’ అంటే సరిపోదు. ఏది దిద్దాల్నో, ఎవరు దిద్దాల్నో వాళ్లే చెప్పాలె.