ప్రతాపరుద్రీయము – మా యింటి నోటిప్లేటు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

ఇట్టి మహాసభలయందు విద్యాభివృద్ధి, నూలుధర, సహకారసంఘములు, వివాహవ్యయము మున్నగు విషయములపై పెద్దలు ప్రసంగించుట పరిపాటి. అవి యన్నియు నవశ్యములే. కాని నేడు కార్యదర్శిగారు నన్ను వేరొక విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. పూర్వము మన యిండ్లలో మగ్గము ప్రక్కను కూర్చుండి పెద్దలు పిల్లలకు వినిపించిన సాహిత్యమును గూర్చి చెప్పుమని వారి యాజ్ఞ. మా యింట మూడు తరములవారిని నవ్వించిన గ్రంథ మొకటి కలదు. అది వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయ నాటకము. దానిని గూర్చియే విన్నవించెదను.

గ్రామఫోను ప్లేట్ల కాలమును మీలో వృద్ధు లెఱుగుదురు. మన దేశమున పాటలను ప్లేట్లలోనికి ఎక్కించుట 1902 లో ప్రారంభమైనది. ఒక్కొక్క ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు, ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషములు పాడెడిది. కోరుట్లలో మా మేనమామగారి యింట అట్టి పెట్టె యుండెను. సెలవులలో అచ్చటికి పోయినపుడు హరిశ్చంద్రుని పద్యములు వినుటకు పిల్లలము చుట్టును మూగెడివారము. సిరిసిల్లలోని మా యింట పెట్టెయు లేదు, కొనుటకు ధనమును లేదు. మా తాత షోలాపురపు మిల్లులో పనిచేసి తిరిగి వచ్చునపుడు తెచ్చిన యొక పాతపుస్తకము మాత్ర ముండెను. అట్టలు పోయినవి, కుట్లు మా బాపమ్మ నూలుపోగుతో తిరిగి వేసినది. మా బాపు గుంటమగ్గములో కూర్చుండి నాడె ఆడించుచు, ఆ పుస్తకములోని పాత్రలన్నిటిని తానే పలుకుచుండెను. మా అవ్వ కండెలు చుట్టుచు, "పిల్లలు నిద్రపోతున్నరు, జర ఆ నోటిప్లేటు పెట్టరాదు" అనెడిది. అదియే మా గ్రామఫోను.

ప్రతాపరుద్రీయ మనగానే పండితులకు విద్యానాథుని సంస్కృతాలంకారగ్రంథము జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పునది అది గాదు. వేంకటరాయశాస్త్రిగారు 1853 లో జన్మించి 1929 లో స్వర్గస్థులైరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో సంస్కృతపండితులుగా నుండిరి. వారు 1897 లో ఈ నాటకమును ప్రకటించిరి. తెలుగున వెలువడిన తొలి చారిత్రక నాటకములలో నిది యొకటి. నెల్లూరిలో ఆంధ్రభాషాభిమాని సమాజమువారు శాస్త్రిగారి నాటకములను ప్రదర్శించి ప్రసిద్ధికి తెచ్చిరి.

కథ స్థూలముగా నిది. ఓరుగంటి ప్రభువైన ప్రతాపరుద్రుని ఢిల్లీవారు మోసమున పట్టుకొని పోవుదురు. మంత్రియైన యుగంధరుడు ప్రభువును విడిపించుటయే గాక, సుల్తానునే బంధించి తెచ్చెదనని ప్రతిన పట్టును. పిచ్చివానివలె నటించుచు ఢిల్లీ వీథులలో తిరుగుచు, తన ప్రతినను తానే బాహాటముగా చాటుచుండును. వినినవారందఱు పిచ్చివాని ప్రేలాపనమని నవ్వుదురు. రహస్యమును దాచుటకు దానిని నలుగురిలో కేకవేసి చెప్పుటయే యుపాయముగా జేసిన ఆ చమత్కారమును మా బాపు ఎన్నిమార్లు చదివినను మాకు విసుగు పుట్టలేదు. బాకీ వసూలునకు సావుకారు వచ్చినపుడు మా చిన్నాయన వాకిటిలో నిలిచి, "ఈ యేడు నీ దుకాణమే కొంటనే సేటూ!" అని యఱచెడివాడు. సావుకారు నవ్వుచు వెడలిపోయెడివాడు. "మనింట్ల గూడ యుగంధరుడు పుట్టిండు" అని బాపమ్మ యనెడిది.

ఇక పేరిగాడు. వాడు చాకలి. రూపమున ప్రతాపరుద్రుని బోలినవాడు. ఆ పోలికయే నాటకమున హాస్యమునకు మూలకందము. రాజులు, మంత్రులు గ్రాంథికమున మాటలాడుచుండగా, వాడు తన వాడుకమాటలలోనే మాటలాడును. ఢిల్లీవారు ఉర్దూ కలిసిన తెలుగున మాటలాడుదురు. దీనినే పాత్రోచితభాష యందురు. శాస్త్రిగారు గ్రాంథికభాషకు గట్టి పక్షపాతులు. అట్టివారే నాటకమున ఎవరి నోట వారి మాట నుంచుట యుక్తమని నిర్ణయించి, పండితుల యాక్షేపణలకు జవాబు చెప్పవలసివచ్చినది. నిజాము రాష్ట్రమున ఉర్దూ బడిలో చదివిన మా బాపునకు ఆ భాగములు మిక్కిలి యిష్టము. గ్రంథములోని ఉర్దూమాటలను మన జిల్లా యుచ్చారణమునకు త్రిప్పి పలుకుచుండెను. మా వాడలోని ముసల్మాను నేతగాండ్రును వచ్చి కూర్చుండి నవ్వెడివారు. అధికారమదము తలకెక్కినవాడు ఏ దర్బారువాడైనను హాస్యాస్పదుడే యని వారికిని మాకును తెలిసియే యుండెను.

ఇచ్చట నొక సంగతి దాచక చెప్పవలసియున్నది. పేరిగాని మాటలకు మేము నవ్వుచుండగా, బట్టలు తెచ్చిన చాకలి వృద్ధుడొకడు గడపకడ నిలిచి వినుచుండెను. బాపు చదువు నాపెను. ఇల్లంతయు నిశ్శబ్దమైనది. ఆ వృద్ధుడు మూట దించి, "రాజు ఏషం ఏస్తె మా పేరిగాడు రాజుకేం తక్కువున్నడే అన్నా?" అని యడిగెను. బాపు తల యూచి, "తక్కువేం లేదే మామా. నేసింది మేము, ఉతికింది మీరు. ఆ బట్ట తీసేస్తె రాజెవడు?" అనెను. ఆ పెద్దమనిషి నవ్వుచు లోనికి వచ్చి కూర్చుండెను. నాటినుండి అతడును శ్రోతయే. కాని మా బాపమ్మ యంతటితో విడువలేదు. "రాజు కండ్ల ముంగటున్నా నవ్వుతరు, చాకలోడు కండ్ల ముంగటుంటె నవ్వరు. అట్లనే ఉండాలె" అని మమ్ము హెచ్చరించెను. పొరుగువాని వృత్తిని జూచి నవ్వుట వేరు. ఆ పొరుగువాని తెలివిచేత రాజరికపు డంబమును జూచి నవ్వుట వేరు. ఈ భేదమును నాకు నేర్పినది పండితవిమర్శకులు గారు, అక్షరము రాని మా బాపమ్మయే.

సోదరులారా! నవ్వు సంగతి యిట్లుండగా, చరిత్ర సంగతి యేమి? నేను జగిత్యాలలో నున్నతపాఠశాలకు పోయినపుడు ఉపాధ్యాయుడొకరు కాకతీయుల పాఠము చెప్పుచు, 1323 లో ఉలుగ్ ఖాను ఓరుగంటికోటను గెలిచెననియు, ప్రతాపరుద్రుని ఢిల్లీకి పంపుచుండగా నర్మదాతీరమున నతడు మరణించెననియు చెప్పిరి. ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము ఈ సంగతిని చెప్పుచున్నది. ఆ రాజు స్వేచ్ఛచే ప్రాణములు విడిచెనని 1423 నాటి కలువచేరు శాసనము సూచించుచున్నది. సుల్తాను బంధింపబడలేదు. మన రాజు తిరిగి రాలేదు. ఓరుగల్లు మరల తెలుగువారి వశమైనది కాపయనాయకుని కాలమున, సుమారు 1336 లో.

ఆ దినమున నేను పుస్తకము మోసికొని యింటికి వచ్చి, "బాపూ, నువ్వు చదివిందంత అబద్ధమట" అంటిని. బాపు మగ్గము నాపలేదు. కొంత సేపటికి, "బిడ్డా, జరిగింది బడిల చెప్తరు. జరగాలని మనోళ్లు ఎంత ఏడ్సిన్రో గిండ్ల ఉన్నది. రెండూ చదువు. కాని రెంటినీ కలుపకు" అనెను. ఓడిన జనులు గెలిచినట్లు కథ చెప్పుకొని నవ్వుకొనుట పిరికితనము గాదు, దుఃఖమును దిగమ్రింగుట కొక విధానము. ఆ నవ్వు లోపల నర్మదాతీరపు మరణ మున్నదని తెలిసినపుడు యుగంధరుని కేక మునుపటికంటె గంభీరముగా వినిపించినది.

ఈ మాట మన సంచికలకును వర్తించును. మన ప్రాంతము చరిత్రకు పేద గాదు. జగిత్యాలకు సమీపమున నున్న పొలాస యొకప్పుడు మేడరాజు నేలిన పొలవాస. కాకతి రుద్రదేవుడు మేడరాజును జయించిన వృత్తాంతము 1163 నాటి హనుమకొండ శాసనమునందు గలదు. సిరిసిల్ల ప్రక్కనున్న వేములవాడ చాళుక్యుల రాజధాని, పంపకవి నివసించిన స్థానము. కుర్క్యాల గుట్టపై పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనమున పదవ శతాబ్దపు తెలుగు కందపద్యములు కలవు. నిజాము రాష్ట్ర నాలుగవ ఆంధ్రమహాసభ 1935 లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను సిరిసిల్లలోనే జరిగినది. ఇట్టి రాళ్లును కాగితములును ఉండగా, జాక్, తాల్ అను నిద్దరు ఫ్రెంచివారి పేర జగిత్యాల వెలసెనను వాడుకకథయే మనవారి నోట నెక్కువగా ఆడుచున్నది. ఆ కథను చెప్పుకొందము, నవ్వుకొందము. పాఠ్యపుస్తకమునకు మాత్ర మెక్కింపవలదు.

అట్లే వంశచరిత్రలు వ్రాయునపుడు ప్రతి కులమువారును తమ పూర్వులు రాజులనియో, రాజగురువులనియో వ్రాయ నుత్సహించుచున్నారు. మార్కండేయ, భావనాఋషుల గాథ మనకు పూజ్యము. దానిని భక్తితో చెప్పుకొందము. కాని శాసనము లేనిచోట శాసన మున్నదని వ్రాయవలసిన యగత్యము మనకు లేదు. రాజు కట్టిన బట్టను నేసినవారమని చెప్పుకొనుటకంటె గొప్ప చరిత్ర మరేమి కావలెను? పేరిగాడు రాజువేషము ధరించినను తన మాట మార్చుకొనలేదు. మనము చరిత్రకై వేషము వేసినయెడల మన మాట పోగొట్టుకొందుము.

ఇక నొక విచారకరమైన సంగతి. గుంటమగ్గపు చప్పుడు మెల్లనిది. దాని తాళమునకు మనుష్యుని గొంతు పొసగెడిది. నాడె పోవునపుడొక మాట, వచ్చునపుడొక మాట. మరమగ్గములు వచ్చిన పిదప ఆ ఘోషలో ప్రక్కవాని పిలుపు వినబడుట కష్టమైనది. కూలి కొంత పెరిగి యుండవచ్చును, పోగు వేగము పెరిగినది నిజము. కాని పనితో పాటు సాగిన చదువు ఆగిపోయినది. మన యువకులకు సాహిత్యముపై నభిరుచి లేదని పెద్దలు నిందించుచుందురు. వినుటకు అవకాశము లేనిచోట అభిరుచి యెట్లు కలుగును? దోషము పిల్లలది గాదు. మనము ఆ నిశ్శబ్దమును వేరొకచోట, వేరొక వేళ కల్పింపలేదు.

కావున మహాసభవారికి మూడు మనవులు. మొదటిది, సిరిసిల్లలోను, కోరుట్లలోను, జగిత్యాలలోను సంఘభవనములందు వారమున కొక సాయంకాలము బిగ్గరగా గ్రంథము చదువు నేర్పాటు చేయవలెను. అందు హాస్యనాటకములకు తొలి స్థాన మీయవలెను. రెండవది, గుంటమగ్గముమీద పనిచేసిన వృద్ధులు ఇంకను మన మధ్య నున్నారు. వారి కథలను, సామెతలను, మగ్గపుపాటలను వారి గొంతుతోనే భద్రపఱుపవలెను. నేడు ప్రతివాని జేబులోనున్న ఫోను నాటి గ్రామఫోనుకంటె వేయిరెట్లు సమర్థమైనది; మూడు నిమిషములకు ప్లేటు త్రిప్పవలసిన పనియు లేదు. మూడవది, అట్లు భద్రపఱచిన వానిలో ఏది విన్నమాట, ఏది శాసనమాట యని విడివిడిగా గుర్తువేయవలెను.

మా బాపు గతించి యేండ్లైనది. ఆయన చదువు నెవరును ప్లేటు చేయలేదు. ఆ గొంతు మా జ్ఞాపకమునందు తప్ప మరెచ్చటను లేదు. మీ యిండ్లలో ఇంకను మాటలాడుచున్న గొంతుల కట్టి గతి పట్టకుండుగాక!